అపెండిక్స్ అని చెప్పిన మచ్చ

కాదు డోబ్రీ, నువ్వే చెప్పు, ఇదేమన్నా న్యాయంగా ఉందా? మొగుడు పోయి రెండేళ్లు కాలేదు, ఆ కేరా వాళ్లాయన సమాధి పక్కన పాలరాతి బెంచీ వేయించింది. వేయించుకోనీ, ఎవరొద్దన్నారు? కానీ ఆ బెంచీ కాళ్లు నీ సమాధి వైపుకి జానెడు తోసుకొచ్చాయా లేదా? ఇప్పుడు నేనెక్కడ నిలబడాలి? నీ గుండెల మీదా?

అడిగాను. ఊరుకుంటానా? "కూర్చో వెలిచ్కా, నీకూ పనికొస్తుందిగా" అని పళ్లికిలించింది. కూర్చున్నాను. ఏం చెయ్యమంటావు, మోకాళ్లు నిలవనివ్వడం లేదు.

ఇదిగో, కొవ్వొత్తి పెట్టాను. గాలికి రెండుసార్లు ఆరిపోయింది. వైన్ నీ తల వైపు పోశాను, ఎర్రదే, నీకిష్టమైనదే. గోధుమలు ఉడకబెట్టి తెచ్చాను, పైన పంచదార చల్లి. నేను మాత్రం నోట్లో వేసుకోకూడదు. నాకిప్పుడు షుగరు డోబ్రీ. నువ్వు పోయిన ఏడాదే వచ్చింది.

ఆఁ, తీసుకో కేరా, తీసుకో. రెండు చెంచాలు పెట్టుకో. దేవుడు మీ ఆయన్నీ క్షమించాలి... వెళ్లు, ఆ చివర పాదరీ వచ్చాడు, ముందు మీ సమాధి దగ్గరికి పిలుచుకో. నేను తర్వాత పిలుస్తాలే. తొందరేం లేదు.

వెళ్లింది. అమ్మయ్య.

మన అమ్మాయి రాలీ రాలేదు. చూస్తూనే ఉన్నావుగా. పోయినవాళ్లని తలుచుకునే ఏ ఆత్మల శనివారమూ మానని పిల్ల, మంచు పడుతున్నా వచ్చి నీ రాయి తుడిచే పిల్ల, ఇవాళ రాలేదు. రైల్వేలో సెలవు దొరక్క కాదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇంత దూరం ఈడ్చుకుంటూ వచ్చాను. కానీ మొదట్నుంచీ చెప్పాలి. మధ్యలోంచి చెబితే నువ్వు తట్టుకోలేవు. నేనూ చెప్పలేను.

దాని మెడ గుర్తుందా నీకు?

పదమూడేళ్లప్పుడు. మెడ వెనకాల నల్లగా, మసి పూసినట్టు. చంకల్లో కూడా. నేను దాన్ని స్నానాల గదిలో నిలబెట్టి, సోడా పొడి వేసి, నారతో రుద్దేదాన్ని. "ఇంత పెద్దదానివయ్యావు, మెడ కడుక్కోవడం రాదా? క్లాసులో నీ వెనకాల కూర్చున్నవాళ్లు ఏమనుకుంటారే?" అని తిడుతూ. అది గోడకి నుదురు ఆనించి నిలబడేది. నువ్వు తలుపు దగ్గరికొచ్చి, "వదిలెయ్యవే, తోలు ఊడొస్తుంది" అనేవాడివి. నువ్వు నోర్మూసుకో అన్నాను నేను.

తోలు ఎర్రబడింది. నలుపు పోలేదు.

అది మురికి కాదు డోబ్రీ. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైపోతే చర్మం అలా నల్లబడుతుందట. మెడ దగ్గర, చంకల్లో. నేను రోగాన్ని పట్టుకుని సోడా వేసి తోమాను.

తర్వాత నీ రేజరు. "నా బ్లేడు మొద్దుబార్చింది ఎవరు?" అని నువ్వు అరిచిన రోజు గుర్తుందా? పదహారేళ్లు దానికి. లోపల గడియ పెట్టుకుని ఏడ్చింది. కాళ్లకేమో అనుకున్నావు నువ్వు. మర్నాడు బజారుకెళ్లి గులాబీ రంగు రేజరు కొనుక్కొచ్చి, మాట్లాడకుండా దాని దిండు కింద పెట్టావు. కాళ్లకి కాదు. గడ్డానికి. మగపిల్లల్లాగ చుబుకం కింద నల్లటి వెంట్రుకలు, దళసరిగా.

నెలసరి వచ్చేది కాదు. అయిదు నెలలకోసారి, ఏడు నెలలకోసారి. వస్తే మంచం దిగనిచ్చేది కాదు. పొట్ట పెరిగింది, మొహం నిండా మొటిమలు. అడిగినవాళ్లందరికీ నేను చెప్పిన జవాబు ఒక్కటే. "తిండి. నోరు ఆగదు దానికి."

బ్రెడ్డు ఆపేశాను. బంగాళాదుంపలు లెక్కపెట్టి వండాను. రాత్రి సూపు, పొద్దున పెరుగు, అంతే. ఫ్రిజ్‌కి తాళం ఒక్కటే తక్కువ. మరి నువ్వు? నువ్వేం చేశావు? స్కూలు నుంచి అది సరాసరి నీ రైలింజన్ల డిపోకి వచ్చేది. ఇంజను పక్కన కూర్చోబెట్టి బానిత్స పెట్టేవాడివి, ఆ పొరల రొట్టెలోంచి వెన్న కారేది. పెద్ద సీసాతో బోజా తాగించేవాడివి, పులిసిన గింజల జావ, చిక్కగా, తియ్యగా. నీ సంచీలో పొరల రొట్టె ముక్కలు దొరికినప్పుడు ఎంత గొడవ చేశాను!

"పిల్ల ఆకలితో ఉందే" అన్నావు.

"పిల్లని పాడు చేస్తున్నది నువ్వే" అన్నాను.

"ఆకలి అన్న పిల్లకి తిండి పెట్టకుండా ఎలా ఉంటావే నువ్వు?" అన్నావు. నెమ్మదిగా అన్నావు, అరవలేదు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది. చెప్పలేదు.

దానికి నిజంగానే ఆకలి వేసేది. అబద్ధం కాదు. ఇన్సులిన్ అంతగా తిరుగుతుంటే ఆకలి అలాగే ఉంటుందట. కడుపు నిండినా చేతులు వణికేటంత ఆకలి.

పన్నెండో తరగతి అయిపోయాక ఆ పెద్ద విందు ఉంటుందే, పిల్లలందరూ గౌన్లేసుకుని కార్లలో ఊరేగేది, దానికి నీలం గౌను కుట్టించాం. పదిరోజుల తర్వాత తొడిగి చూస్తే వీపు దగ్గర జిప్పు పడలేదు. దర్జీ ఆవిడ, "పక్కన గుడ్డ ఉందిలెండి, విప్పి కుడతాను" అంది మర్యాదగా. నేనేమన్నానో తెలుసా? ఆవిడ ముందే, "గుడ్డ విప్పడం ఎందుకు, ఇది నోరు కట్టుకుంటే చాలు" అన్నాను.

రాలీ ఏడవలేదు. అద్దంలోంచి నన్ను చూసింది. ఆ సెప్టెంబరులోనే స్టారా జాగోరా వెళ్లిపోయింది, స్టేషన్లో టికెట్ల ఉద్యోగం చూసుకుని. నీకు రోజూ ఫోన్ చేసేది. నాకు పండక్కి.

నువ్వు పోయినప్పుడు... సరే, అది వద్దు. కొవ్వొత్తి మళ్లీ ఆరింది చూడు. ఉండు.

తర్వాత సంగతులు నీకు తెలీవు. అసెన్ అని ఒకడు దొరికాడు దానికి. టైల్స్ వేసే పని. మంచివాడు, నీలాగే తక్కువ మాట్లాడతాడు. పెళ్లి చేసుకోలేదు, కలిసి ఉంటున్నారు, ఇప్పుడందరూ అంతే. పిల్లల కోసం నాలుగేళ్లు చూశారు. కిందటేడాదికి ముందు ఏడు ఒకటి నిలిచింది. పదో వారంలో పోయింది. అసెనే ఫోన్ చేసి చెప్పాడు. ఇది మాట్లాడలేదు.

ఆ తర్వాతే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. హార్మోన్ల డాక్టరు, హాజీయేవా అని. రక్తం తీశారు, గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటలు కూర్చోబెట్టి మళ్లీ తీశారు, స్కానింగ్ చేశారు. ఆ సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. పండగ కాదు, పబ్బం కాదు. ఎవరైనా పోయారేమో అనుకున్నాను.

"అమ్మా, నా తప్పు కాదట!"

నవ్వుతోంది, ఏడుస్తోంది. రెండూ.

"ఏంటే?" అన్నాను.

"అండాశయాల నిండా నీటి బుడగలట. దానికో పేరుంది, ఎంతోమంది ఆడపిల్లలకి ఉంటుందట. విను, విను. నా ఒళ్లు ఇన్సులిన్ మాట వినదట అమ్మా. తిన్న చక్కెరని రక్తంలోంచి కండల్లోకి పంపేది అదే కదా? మాట వినకపోతే ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారవుతుందట, రెట్టింపు, మూడు రెట్లు. అదంతా అండాశయాల మీద పడి మగవాళ్ల హార్మోను ఎక్కువ చేయిస్తుందట. అందుకే గడ్డం. అందుకే గుడ్డు పూర్తిగా ఎదగకుండా సగంలో ఆగిపోయి బుడగలా ఉండిపోతుంది. అందుకే మెడ నల్లగా! మెడ కూడా అమ్మా! లావుంటే రోగం పెరుగుతుందట, రోగం ఉంటే లావు పెరుగుతుందట. నేను తిండిపోతుని కాదు. పదిహేనేళ్లు నన్ను నేను తిట్టుకున్నాను, తెలుసా నీకు?"

తెలుసు అనలేదు. "మరి మందుందా?" అన్నాను.

షుగరు వాళ్లకిచ్చే మాత్రే దీనికీ ఇచ్చిందట. రోజూ నడవమంది. తియ్యటివి, మైదావి మానమంది, కానీ కడుపు మాడ్చుకోవద్దని గట్టిగా చెప్పిందట. దాని షుగరు ఇప్పటికే అంచు మీద ఉందట డోబ్రీ, ముప్పయ్యొక్క ఏళ్లకి. "పదహారేళ్లప్పుడే తీసుకొచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు, మీ ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని అడిగిందట ఆ డాక్టరమ్మ.

ఆ తర్వాత ఇది అడిగింది. "అమ్మా, ఇది కుటుంబాల్లో వస్తుందట. రాసుకోవాలి, కనుక్కోమంది. మన ఇంట్లో ఎవరికైనా ఉందా? నీకేమైనా?"

"నాకా? లేదే" అన్నాను.

అంత సులువుగా వచ్చింది నోట్లోంచి.

"నాన్న వైపు?"

"ఏమో, మీ నాన్న వాళ్ల మేనత్త ఒకావిడ లావుగా ఉండేది" అన్నాను.

నీకు మేనత్త ఉంది కదా, ఉంది. పొట్టిగా, గుండ్రంగా. ఏడుగురు పిల్లల్ని కన్నది పాపం. అది నిజంగానే రాసుకుంది.

ఇక చెప్పాలి. ఆ రోజుల్లోకి వెళ్లాలి. నీ వైన్ ఒక గుక్క తాగుతున్నా, ఏమనుకోకు.

మన పెళ్లయిన నాలుగో ఏడు. మే నెల, సెయింట్ జార్జి పండగ. ఆ రోజు పొద్దున నేను బుర్గాస్ వెళ్లాను, గుడ్డలు కొనుక్కొస్తానని నీకు చెప్పి. గుడ్డలకి కాదు. ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి. పరీక్ష చేసి, కాగితం మీద ఏదో పేరు రాసిచ్చాడు, రెండు ఇంటిపేర్లు కలిపినట్టు పొడుగ్గా ఉంది. "అండాశయాలు గట్టిపడి పెద్దవయ్యాయమ్మా, గుడ్లు విడుదల కావు. కోసి చిన్నవి చెయ్యాలి, అప్పుడు కొందరికి నిలుస్తుంది" అన్నాడు. అప్పుడు ఇన్సులిన్ సంగతి ఎవరూ చెప్పలేదులే. గడ్డం మీద వెంట్రుకల్ని చూసి, "ఇవి కూడా అందుకే" అన్నాడు.

అవును డోబ్రీ, నాకూ ఉన్నాయి. పదిహేడేళ్లప్పట్నుంచీ. నువ్వు డ్యూటీకి వెళ్లాక కిటికీ దగ్గర చిన్న అద్దం పెట్టుకుని ఒక్కొక్కటీ పీకేదాన్ని. ముప్పయ్యేడేళ్లు ఒకే మంచం మీద పడుకున్నావు, నీకు తెలీదు. లేక తెలిసీ ఊరుకున్నావా? నువ్వు ఊరుకునే మనిషివే.

ఆ కాగితం పర్సులో పెట్టుకుని సాయంత్రం బండికి తిరిగొచ్చాను. రాత్రికి నీతో చెబుదామనే అనుకున్నాను, ఒట్టు. కానీ అప్పటికే మీ అమ్మ ఇంట్లో గొర్రెపిల్ల కాల్చి, బంధువులందర్నీ కూర్చోబెట్టింది. అత్తయ్య నా వైపు చూడకుండా, నీ చెల్లెలి బిడ్డని ఒళ్లో ఊపుకుంటూ, "నాలుగేళ్లయింది. మావాడికి ఇంకో పిల్లని చూసుండాల్సింది. ఇప్పటికైనా మించిపోయింది లేదు" అంది.

బల్ల చుట్టూ పద్నాలుగుమంది. ఎవరూ నమలడం లేదు.

నువ్వు గ్లాసు కింద పెట్టావు. "అమ్మా, లోపం దానిది కాదు. నాది. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయి కదా నాకు. వాటివల్లే పిల్లలు పుట్టరని డాక్టరు చెప్పాడు" అన్నావు.

ఏ డాక్టరు? నువ్వు జన్మలో డాక్టరు గడప తొక్కలేదు! నాకోసం అప్పటికప్పుడు అల్లి చెప్పావు. మీ అమ్మ మొహం పాలిపోయింది. మీ మామయ్య తల దించుకున్నాడు. నా పర్సు నా ఒళ్లోనే ఉంది, బల్ల కింద. అందులో కాగితం.

ఒక్క మాట. "కాదత్తయ్యా, నాది" అంటే చాలు.

నేను ఇంకో మాంసం ముక్క వడ్డించుకున్నాను.

తిన్నాను కూడా.

ఆ తర్వాత ఏడేళ్లు. డిపోలో నిన్ను "ఉత్త తూటా" అని పిలిచారు. పేలదని. కొత్త సంవత్సరం బహుమతుల్లో నీకు రబ్బరు బొమ్మ ఇచ్చారు, పసిపాప బొమ్మ, అందరూ పడీ పడీ నవ్వారట. నువ్వు దాన్ని కోటు కింద పెట్టుకుని ఇంటికి తెచ్చి పొయ్యిలో పడేశావు. రబ్బరు కాలిన కంపు. "ఏంటది?" అంటే "ఏం లేదు" అన్నావు. నాకు తెలుసు, నీ దోస్తు పెళ్లాం అంతకుముందే చెప్పింది. నేను కిటికీలు తీసి ఊరుకున్నాను.

నిజంగా నీదే లోపమేమో అని నువ్వూ నమ్మడం మొదలెట్టావు. అదీ నేను చూశాను. రాత్రుళ్లు నా వైపు తిరిగేవాడివి కాదు. తేనెటీగల మైనమో ఏదో తిన్నావు, వాల్‌నట్ ఆకుల కషాయం తాగావు. చివరికి కొండ మీది మఠానికి నడిచి వెళ్లి, పిల్ల పుడితే సిగరెట్టు ముట్టనని కన్యమాతకి మొక్కావు.

ఆ నెలలోనే నేను ప్లోవ్‌దివ్‌లో మా అక్క దగ్గరికి వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాను. అపెండిక్స్ పగిలిందని నీకు కబురు పెట్టాను. పరిగెత్తుకొచ్చావు, అదే బూట్లతో, నూనె మరకల చొక్కాతో. "ఇంత పెద్ద కోతా?" అన్నావు మచ్చ చూసి. "పగిలింది కదా, అందుకే" అన్నాను. నమ్మావు. ఏమని చెప్పను నీకు? ఏడేళ్లు నిన్ను వాళ్లకి వదిలేశాక, అప్పుడు చెప్పడమెలా? ఒక్కో ఏడు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

ఏడాది తిరక్కుండా రాలీ పుట్టింది. నువ్వు డిపోలో అందరికీ రాకియా సారా పోశావు, సిగరెట్ల పెట్టె పట్టాల మీద పెట్టి ఇంజను తోలావు. చచ్చేదాకా ఒక్కటి ముట్టలేదు. ఆ పిల్ల నీ మొక్కుకే పుట్టిందని నమ్మావు. నమ్మనిచ్చాను. అదొక్కటే నీకు నేను చేసిన మంచేమో, ఏమో.

ఇప్పుడు చెప్పు, పదమూడేళ్లప్పుడు దానికి నెలసరి సరిగ్గా రానప్పుడు నాకు తెలీదా? గడ్డం చూసి తెలీదా? చూసిన క్షణమే తెలుసు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన మొదట అడిగేది నన్నే. "అమ్మా, మీకూ ఇలాగేనా?" అంటాడు. నువ్వు పక్కనే ఉంటావు. అందుకని తీసుకెళ్లలేదు. తిండి అన్నాను. నోరు అన్నాను. సోడా వేసి తోమాను.

ఇంకో పక్క నేనే అనుకునేదాన్ని, సన్నబడితే దానంతటదే తగ్గుతుందేమో అని. ఏమో, నన్ను నేను మోసం చేసుకున్నానేమో.

ఉష్... ఎవరో వస్తున్నారు.

నమస్కారం పాదరీగారూ. లేదు లేదు, ఇంకా కాదు, ముందు ఆ వరస చూసుకుని రండి. నేనిక్కడే ఉంటాను. ఆ, చలిగానే ఉంది.

వెళ్లాడు. విను, అయిపోవచ్చింది.

సెప్టెంబరులో నాకు కుడి డొక్కలో నొప్పి. పిత్తాశయంలో రాళ్లు. రాలీయే సెలవు పెట్టి వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లింది. కుర్ర డాక్టరు, పొట్ట మీద చల్లటి జిగురు రాసి స్కానింగ్ చేస్తున్నాడు. ఇది నా కోటు పట్టుకుని పక్కన నిలబడింది.

"బామ్మగారూ, ఈ పాత కోత దేనికి?" అన్నాడు.

"అపెండిక్స్‌కి నాయనా."

"అపెండిక్స్‌కి కుడి పక్కన కదా కోస్తారు? ఇది కింద అడ్డంగా ఉంది. గర్భసంచికో, అండాశయాలకో చేసి ఉంటారు. ఏ ఏడాది?"

వాడు పిచ్చివాడు, వదలడు. "పాత రోజుల్లో పిల్లలు పుట్టడానికి అండాశయాలు కోసేవాళ్లట, బుడగలుంటే. అదా?"

రాలీ చేతిలోంచి కోటు జారింది. తియ్యలేదు.

కారు పెట్టే చోటికి నాకంటే ముందు నడిచింది. అక్కడ ఆగింది. "అదేనా?" అంది. తలూపాను. "ఎప్పట్నుంచి తెలుసు?" అంది. "నువ్వు పుట్టకముందు నుంచి" అన్నాను. అరుస్తుందనుకున్నాను. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. ఊరికే చూసింది, ఆ నీలం గౌను రోజు అద్దంలోంచి చూసిందే, అలాగ. నాకు అర్థమైపోయింది డోబ్రీ. ఇప్పుడు అసెన్ కారులో ఎక్కించుకుని యాంబోల్‌లో మన ఇంటి దగ్గర దింపుతుంది, మర్యాదగా సంచీ లోపల పెడుతుంది, వెళ్లిపోతుంది. ఇక రాదు. పండక్కి కూడా రాదు.

అప్పుడడిగింది. "నాన్నకి తెలుసా?"

నేను...

నేను "తెలుసు" అన్నాను.

"ఆయనే చెప్పొద్దన్నాడు. పరువు పోతుందన్నాడు. నేను చెబుతానంటే ఒప్పుకోలేదు."

మూడు మాటలు. నాలుగు. ఎక్కణ్నుంచి వచ్చాయో తెలీదు, ముందే రాసిపెట్టుకున్నట్టు వచ్చాయి.

అది కారుకి ఆనుకుంది. "తెలిసేనా?" అంది. "తెలిసే నాకు బోజా తాగించాడా? రోజూ? నా మెడ చూస్తూనే?"

అప్పుడైనా కాదనొచ్చు కదా! నీ బోజా, నీ బానిత్స, ఆ ఇంజను పక్కన పది నిమిషాలు, దాని చిన్నతనంలో ఉన్న మంచి అంతా అదే. నేను చూస్తుండగానే అది చేదైపోయింది. నేను నోరు తెరవలేదు. బల్ల దగ్గర తెరవనట్టే.

అది నన్ను దగ్గరికి తీసుకుంది. "అమ్మా, ఇన్నేళ్లూ నువ్వొక్కదానివే దాచుకున్నావా?" అంటూ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. తొమ్మిదేళ్ల వయసు తర్వాత అది నన్ను పట్టుకోవడం అదే మొదలు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వస్తోంది. నా వేలు పొడిచి షుగరు చూస్తుంది, పుస్తకంలో రాస్తుంది. ఇద్దరం ఒకే మాత్ర మింగుతాం. తుంజా నది ఒడ్డున నలభై నిమిషాలు నడిపిస్తుంది, "ఇంకొంచెం అమ్మా, ఆ వంతెన దాకా" అంటూ. తర్వాత కిటికీ దగ్గర వెలుగులో కూర్చోబెట్టి, నా చుబుకం పట్టుకుని వెంట్రుకలు పీకుతుంది. దానివి నేను పీకుతాను. నవ్వుకుంటాం కూడా. పోయిన పాప గురించి చెప్పింది నాకు. నాకు, డోబ్రీ! అసెన్‌కి కూడా చెప్పని మాటలు. మళ్లీ ప్రయత్నిస్తున్నారట. నెలసరి వరసగా మూడు నెలలు వచ్చిందని చెవిలో చెప్పింది.

హాల్లో నీ ఫోటో తీసేసింది. డిపోలో ఇంజను మెట్టు మీద దాన్ని ఎత్తుకుని నిలబడ్డావే, అది. ఎక్కడ పెట్టిందో అడగలేదు.

కిందటి ఆదివారం మొదలుపెట్టాను. ఒట్టు. "రాలీ, మీ నాన్న నిజానికి..." అన్నాను. "వద్దమ్మా. ఆయన్ని వెనకేసుకురాకు. అదొక్కటి చెయ్యకు" అంది, నా ఒళ్లో తల పెట్టుకుని. దాని జుట్టు పల్చబడింది మాడు మీద, నీకు తెలుసా? వేళ్లతో దువ్వుతూ కూర్చున్నాను. నిద్రపోయింది. కాలు తిమ్మిరెక్కినా కదలలేదు నేను.

ఇవాళ రమ్మని అడిగాను. "ఆయన దగ్గరికా?" అంది. అంతే.

నువ్వు నన్ను తిట్టాలి డోబ్రీ. ఎవరూ లేరు కదా, తిట్టు. నీకున్నది ఆ ఒక్క పిల్లే. మొక్కుకున్నావు, సిగరెట్టు మానావు, ఆకలి అంటే ఎత్తుకెళ్లి పెట్టావు. దాన్ని నీ దగ్గర్నుంచి లాక్కున్నాను, నువ్వు లేచి అడగలేవని.

సిగ్గుగా ఉందా అంటే, ఉంది. కానీ దానికంటే పాడు సంగతి ఇంకోటుంది, అదే చెప్పడానికి వచ్చాను. నాకు హాయిగా ఉంది. దాని చెయ్యి నా చుబుకం మీద ఉన్నప్పుడు నువ్వు గుర్తుకు రావడం లేదు.

రాలీకి నిజం చెప్పను. అనుకున్నాను, ఇక్కడికొచ్చి నీ ముందు కూర్చుంటే ధైర్యం వస్తుందేమో, ఇంటికెళ్లి ఫోన్ చేస్తానేమో అని. రాలేదు. చెప్పను డోబ్రీ. నావల్ల కాదు.

పాదరీగారూ, ఇక రండి. డోబ్రి పేరు చదవండి.

రేపు ఆదివారం. తొమ్మిదింటి బండికి వస్తుంది.